పెన్సిల్ మీ అమ్మాయి చేతిలోనే ఉండాలి

ప్రశ్న: మేడమ్ గారూ, మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. ఏడో తరగతి దాకా లెక్కల్లో మంచి మార్కులే వచ్చేవి. ఎనిమిదిలో తగ్గడం మొదలై, మొన్నటి పరీక్షలో వందకు 31 వచ్చాయి. లెక్కల పుస్తకం తీస్తే చాలు, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. "నా బుర్రకి లెక్కలు ఎక్కవమ్మా, నన్ను వదిలెయ్" అంటోంది. పదిహేను మంది ఉండే ట్యూషన్‌కి ఆర్నెల్లు పంపాం, మార్పు లేదు. నాకూ చిన్నప్పటి నుంచి లెక్కలంటే భయమే. వాళ్ళ నాన్న చెప్పబోతే పది నిమిషాల్లో ఇద్దరికీ గొడవ. తనొక్కదానికే చెప్పే ట్యూటర్‌ని పెడదామనుకుంటున్నాం. నిజంగా ఉపయోగం ఉంటుందా? ఎలాంటివాళ్ళని చూసుకోవాలి? ఇప్పటికే ఆలస్యమైపోయిందా? – ఒక తల్లి

జవాబు: ఆలస్యం కాలేదమ్మా, ముందు ఆ దిగులు తీసెయ్యండి. నా దగ్గరికి లెక్కల ట్యూషన్‌కి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఈ వయసువాళ్ళే, ఇదే మాట అంటూ వచ్చినవాళ్ళే.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం ఒకటుంది. ఏడో తరగతి దాకా మంచి మార్కులే వచ్చేవని రాశారు. బుర్రకి లెక్కలు ఎక్కని పిల్లకి ఏడేళ్ళపాటు ఎలా ఎక్కాయి? అసలు అంకెల పరిమాణమే పట్టుబడని డిస్కాల్కులియా లాంటి ఇబ్బంది ఉంటే చాలావరకు చిన్న తరగతుల్లోనే బయటపడేది. మీ అమ్మాయికి ఎక్కడో ఒక మెట్టు దగ్గర కాలు జారింది. క్లాసు ఆగకుండా పైకి వెళ్ళిపోయింది, తను అక్కడే ఉండిపోయింది. నాకు అర్థమైనంతవరకూ జరిగింది అదే.

ఏడు దాటాక లెక్కల స్వభావమే మారుతుంది. అంతదాకా లెక్క చెయ్యడమంటే జవాబు రాబట్టడం. అక్కడి నుంచి రెండు పక్కలా ఉన్నవాటి మధ్య సంబంధం చూడాలి. ఒక చిన్న లెక్క చూడండి: 8 + 4 = □ + 5. ఆ డబ్బాలో ఎంత రావాలి? చాలామంది పిల్లలు 12 అని రాసేస్తారు. కొందరు కనిపించినవన్నీ కూడేసి 17 అంటారు. జవాబు 7. పన్నెండు రాసిన పిల్లకి కూడిక రాదని కాదు, బాగానే వచ్చు. కానీ ఈక్వల్ గుర్తు కనబడగానే "ఇక జవాబు రాయి" అని చదువుకుంటోంది. రెండు వైపులా తూకం సమానం అని చదవడం లేదు. చిన్న తరగతుల్లో దానివల్ల ఏ ఇబ్బందీ రాదు, మార్కులూ పోవు. సమీకరణాలు మొదలైన రోజు నుంచి మాత్రం సార్ చెప్పేదంతా మంత్రంలా వినిపిస్తుంది. "మూడుని అటు తీసుకెళ్తే మైనస్ అవుతుంది" అంటారు. ఎందుకవుతుంది? తక్కెడ కనబడని పిల్ల ఆ మాటని బట్టీ పట్టాల్సిందే. అలా బట్టీ పట్టినవి పదీ పదిహేనూ అయ్యేసరికి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

ఇంకా ఎక్కువమంది జారేది భిన్నాల దగ్గర. 1/2 + 1/3 ఎంత అంటే పైవి పైవీ, కిందవి కిందవీ కూడేసి 2/5 అంటారు. రాబర్ట్ సీగ్లర్ అనే మనస్తత్వ పరిశోధకుడి బృందం 2012లో అమెరికా, బ్రిటన్ పిల్లల వివరాలు తీసుకుని ఒక సంగతి చూపించింది. పదేళ్ళ వయసులో భిన్నాలు, భాగహారం ఎంత బాగా వచ్చు అన్నదాన్ని బట్టి, అయిదారేళ్ళ తర్వాత హైస్కూల్లో బీజగణితం ఎలా ఉంటుందో చాలావరకు అంచనా వెయ్యొచ్చు. పిల్లల తెలివితేటలు, ఇంటి ఆదాయం, తల్లిదండ్రుల చదువు లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం నిలబడింది. దశాబ్దాలుగా క్లాసుల్లో కనిపిస్తున్నది కూడా ఇదే. వర్గసమీకరణం దగ్గర ఆగిపోయిన పిల్లకి ఇంకో యాభై వర్గసమీకరణాలు ఇస్తే ఏడుపు పెరుగుతుంది తప్ప లెక్క రాదు. పాత పుస్తకం తీసి, జారిన మెట్టు ఎక్కడుందో వెతకాలి.

అందుకే పదిహేను మంది ఉన్న ట్యూషన్‌లో మార్పు రాలేదు. ఆ మాస్టారిని తప్పుపట్టాల్సిన పని లేదు. స్కూల్లో జరిగే పాఠాన్నే మళ్ళీ చెప్పడానికి పెట్టిన ట్యూషన్ అది. మీ అమ్మాయి ఒక్కదాని కోసం ఆరో తరగతి భిన్నాలకి వెళ్దామంటే మిగతా పద్నాలుగు మంది ఏం చేస్తారు? పైగా తనకి తెలియదన్న సంగతి ఆ పద్నాలుగు మంది ముందు బయటపెట్టుకునే ధైర్యం ఈ వయసు పిల్లలకి ఉండదు.

మీ మొదటి ప్రశ్నకి వస్తాను. ఒక్కరికే కూర్చుని చెప్తే నిజంగా ఉపయోగం ఉంటుందా? ఉంటుంది. బెంజమిన్ బ్లూమ్ అనే అమెరికా విద్యా పరిశోధకుడు 1984లో ప్రచురించిన వ్యాసంలో, విడిగా ట్యూటర్ దగ్గర నేర్చుకున్న సగటు విద్యార్థి మామూలు క్లాసులో ఉన్న 98 శాతం మందిని దాటాడని రాశారు. ఆ అంకె చూపించి ఆశలు పెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు, మీరు అంత ఆశ పెట్టుకోకండి. తర్వాత చాలా అధ్యయనాలను కలిపి చూసిన కర్ట్ వాన్‌లెన్ 2011లో, అసలు లాభం అందులో సగం కంటే తక్కువని తేల్చారు. క్లాసులో సరిగ్గా మధ్యలో ఉన్న పిల్ల వందలో డెబ్బై ఎనిమిది మందిని దాటినట్టు అనుకోండి. అదీ తక్కువేం కాదు. బ్లూమ్ అధ్యయనంలోని పిల్లల విషయంలో ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి. ఒక పాఠం గట్టిగా వచ్చేదాకా వాళ్ళని తర్వాతి పాఠానికి వెళ్ళనివ్వలేదు. ఒక్కరికే చెప్పడం వల్ల ఎంత మేలు జరిగిందో, అలా ఆగడం వల్లా అంత జరిగి ఉంటుందని నా నమ్మకం. ఒక్కదాన్నే కూర్చోబెట్టుకుని అదే సిలబస్ వేగంతో పరిగెత్తించే ట్యూటర్ అయితే, మీరు కొనుక్కున్నది పదిహేను మంది ట్యూషన్‌నే, మనిషి మాత్రం ఒక్కరు.

ఎలాంటివాళ్ళని చూసుకోవాలో చెప్పే ముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ట్యూషన్లు మొదలుపెట్టిన కొత్తలో నేను చాలా బాగా చెప్తానని పేరుండేది. పిల్లవాడు ఒక లెక్క దగ్గర ఆగితే చటుక్కున పెన్సిల్ తీసుకుని, అందంగా, ఒక్కో మెట్టూ రాసి చూపించేదాన్ని. ఒక అబ్బాయి ప్రతిదానికీ తలూపేవాడు. "అర్థమైందా?" అంటే "అర్థమైంది మేడమ్" అనేవాడు. మూడు నెలలు అలా నడిచింది. పరీక్షలో ఖాళీ పేపరు ఇచ్చి వచ్చాడు. వాడి నోట్‌బుక్ తీసి చూశాను. మూడు నెలల పేజీల్లో ముప్పాతిక వంతు నా చేతిరాతే ఉంది. వాడు అబద్ధం ఆడలేదు. నేను చేస్తుంటే చూసి వాడికి అర్థమైంది. కానీ వాడు చెయ్యలేదు. ఆ రోజు నుంచి నేను పిల్లల చేతిలోంచి పెన్సిల్ తీసుకోవడం మానేశాను. ఏదైనా గీసి చూపించాలంటే నా కాగితం మీద గీస్తాను.

పెన్సిల్ పిల్ల చేతిలో ఉంటే క్లాసు ఎలా ఉంటుందో ఒకటి చూపిస్తాను. మీ అమ్మాయి వయసు పిల్లే, ఇలా రాసింది:

5 − 2(ఎక్స్ − 3) = 5 − 2ఎక్స్ − 6

"తప్పు, మైనస్ ఇంటూ మైనస్ ప్లస్" అనడానికి రెండు సెకన్లు పడుతుంది. ఆ మాట ఆ అమ్మాయి అప్పటికి వందసార్లు విని ఉంటుంది. నేను "ఎక్స్ బదులు 4 వేసి రెండు పక్కలా చూడు" అన్నాను. ఎడమ పక్క బ్రాకెట్‌లో 4 − 3 అంటే 1, దానికి రెండు రెట్లు 2, అయిదులోంచి రెండు పోతే 3. కుడి పక్క 5 − 8 − 6, అంటే −9. పెన్సిల్ ఆగింది. మళ్ళీ చేసింది. మళ్ళీ −9. "రెండూ ఒకటే రావాలి కదా మేడమ్?" అంది. అవునన్నాను. ఇంకేం అనలేదు. ఒక నిమిషం పైనే పట్టింది. ఆ నిమిషం కూర్చోవడం నాకు ఇప్పటికీ కష్టమే, నోటి చివర జవాబు ఉంటుంది కాబట్టి. తను పెదాలు కదుపుతూ ఏదో లెక్కేసుకుంది. చివరికి "నేను ఎక్స్ మొత్తం రెండుసార్లు తీసేశాను. కానీ తియ్యాల్సింది ఎక్స్ కంటే మూడు తక్కువ. అంటే ఆరు ఎక్కువ తీసేశాను. ఆ ఆరు వెనక్కి ఇచ్చెయ్యాలి" అంది. మైనస్ మీదే గట్టిగా ఒక నిలువు గీత గీసి ప్లస్ చేసింది.

"వెనక్కి ఇచ్చెయ్యాలి" అన్న మాట నేను చెప్పింది కాదు. ఆ మాటతో తనకి మైనస్ బ్రాకెట్ మళ్ళీ ఎప్పుడూ గందరగోళం కాలేదు. 2/5 రాసిన పిల్లని కూడా అలాగే అడగొచ్చు: సగానికి ఇంకొంచెం కలిపాం, వచ్చింది సగం కంటే తక్కువ ఎలా అయింది? చాలామంది అక్కడ నవ్వేస్తారు. తన తప్పు తనకే కనబడి పిల్ల నవ్విందంటే సగం భయం పోయినట్టే.

ఆగడం అనేది చిన్న విషయంలా కనిపిస్తుంది. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల టేపులు విని చూస్తే, ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకనే ఆగుతున్నారని తేలింది. దాన్ని 3 సెకన్లకి పెంచితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, జవాబు చెప్పకుండా ఊరుకోవడం తగ్గింది. మూడు సెకన్లకే అంత తేడా. ఒకే ఒక్క పిల్ల ఎదురుగా ఉన్నప్పుడు నిమిషమైనా ఆగగలగడం, వన్ టు వన్ ట్యూషన్‌కున్న అతి పెద్ద వరం.

ఇక ఏడుపు గురించి. దాన్ని మొండితనం అనుకోకండి. మనం లెక్క చేసేటప్పుడు మధ్యలో వచ్చే అంకెలని మనసులో కాసేపు పట్టుకుని ఉంచే చోటు ఒకటుంది, అది చాలా చిన్నది. లెక్కల భయం ఉన్నవాళ్ళకి సరిగ్గా లెక్క చేస్తున్నప్పుడే ఆ చోటుని ఆందోళన ఆక్రమిస్తుందని మార్క్ ఆష్‌క్రాఫ్ట్, ఎలిజబెత్ కర్క్ 2001లో చూపించారు. అంటే ఇంట్లో చేసిన లెక్క పరీక్షలో రాకపోవడం నాటకం కాదు. టెన్షన్‌లో ఆ పిల్లకి నిజంగానే చోటు తక్కువవుతుంది. అలాంటప్పుడు "ఇంత సులువైనది కూడా రాదా?" అన్న మాట ఎంత చెరుపు చేస్తుందో ఆలోచించండి. అసలు "ఇది సులువే" అన్న మాట కూడా నేను వాడను. ధైర్యం చెప్పడానికే అంటాం. కానీ సులువైనది కూడా రాకపోతే తన గురించి తను ఏమనుకోవాలి? దానికంటే "ఇది మొదట్లో చాలామందిని తికమక పెడుతుంది, చూద్దాం పట్టు" అంటే చాలు.

ట్యూటర్‌ని ఎంచుకునేటప్పుడు డిగ్రీలు నన్ను పెద్దగా ఆకట్టుకోవు. లెక్కల్లో ఎప్పుడూ తడబడని మనిషికి, తడబడే పిల్ల ఎక్కడ ఆగిందో కనబడకపోవచ్చు. కాలేజీలో చదువుకుంటున్న అమ్మాయి ఓపికగా అద్భుతంగా చెప్పడం చూశాను. "మొదటి రెండు మూడు క్లాసుల్లో ఏం చేస్తారు?" అని అడగండి. "సిలబస్ త్వరగా పూర్తి చేసేస్తాం" అంటే వేరేవాళ్ళని చూడండి. "పాత తరగతుల లెక్కలు కొన్ని ఇచ్చి ఎక్కడ ఆగుతుందో చూస్తాను" అంటే మాట్లాడదగ్గ మనిషి. ఒక క్లాసు జరుగుతున్నప్పుడు పక్క గదిలో కూర్చుని వినండి. గంటలో ఎవరి గొంతు ఎక్కువ వినిపించింది? ట్యూటర్ గొంతే వినిపిస్తే ఎంత గొప్పగా చెప్పినా నాకు అనుమానమే. ఇద్దరి దగ్గర ఒక్కో క్లాసు కూర్చోబెట్టి, ఎవరు కావాలో మీ అమ్మాయినే చెప్పమనండి. తన అవమానాలన్నీ ఆ మనిషి ముందు విప్పుకోవాల్సింది తనే కదా. ఇంకోటి, మొహమాటం లేకుండా ముందే చెప్పెయ్యండి: ఆడైనా మగైనా, ఎంత తెలిసినవాళ్ళైనా, క్లాసు తలుపు తెరిచి ఉన్న గదిలో, ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నప్పుడే జరగాలి. మంచి ట్యూటర్ దానికి నొచ్చుకోరు.

ఎదురుగానా, ఆన్‌లైనా అన్నది రెండో విషయం. ఆన్‌లైన్ అయితే మీ అమ్మాయి రాసే కాగితం వాళ్ళకి కనబడాలి, అంతే. వారానికి ఒకసారి మూడు గంటల కంటే రెండుసార్లు గంటేసి చొప్పున మేలు.

ఆ గంట ఎలా వాడాలన్న దగ్గర చాలా ఇళ్ళలో పొరపాటు జరుగుతుంది. రేపటి హోంవర్క్ పూర్తి చేయించే ట్యూటర్ అందరికీ నచ్చుతారు, పిల్లకీ నచ్చుతారు. ఆర్నెల్లు పోయాక ట్యూటర్ పక్కన లేకపోతే ఒక్క లెక్కా ముట్టుకోలేని పరిస్థితి వస్తుంది. అలాగని పూర్తిగా ఆరో తరగతికి వెళ్ళి కూర్చుంటే, స్కూల్లో రోజూ అర్థంకాని పాఠం ముందు కూర్చున్న పిల్లకి ఆశ చచ్చిపోతుంది. నేను చేసే పద్ధతి ఏమిటంటే, గంటలో నలభై నిమిషాలు పాత మెట్ల మీద, ఇరవై నిమిషాలు స్కూల్లో రేపు రాబోయే పాఠం మీద. అయిపోయిన పాఠం కాదు, రాబోయే పాఠం. కొత్త మాటలు రెండు ముందే వినివుంటే, మర్నాడు క్లాసులో ఒక్క ప్రశ్నకైనా చెయ్యి ఎత్తుతుంది. ఆ ఒక్క చెయ్యి ఎత్తడం కోసం నేను చాలా కష్టపడతాను.

ప్రాక్టీసు ఇచ్చేటప్పుడు ఒకే రకం లెక్కలు ఇరవై ఇవ్వొద్దని చెప్పండి. మూడో లెక్క నుంచి చెయ్యి దానంతటదే పోతుంది, ఆలోచన ఉండదు. డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో చేసిన ప్రయోగంలో, రకరకాల లెక్కలు కలిపి చేసిన విద్యార్థులు ప్రాక్టీసులో ఎక్కువ తప్పులు చేశారు, వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం చాలా ముందున్నారు. పరీక్షలో లెక్క నెత్తిమీద "నేను ఫలానా రకం" అని రాసి ఉండదు కదా. ఎనిమిది లెక్కలు చాలు, అందులో మూడు పాతవి ఉండాలి. ప్రతి క్లాసు మొదట్లో పోయిన వారం చేసిన ఒక లెక్కని, నోట్సు మూసి, తెల్ల కాగితం మీద చేయించాలి.

ఇంట్లో మీరేం చెయ్యాలో కూడా చెప్తాను. వాళ్ళ నాన్నగారిని కొన్నాళ్ళు లెక్కలు చెప్పడం పూర్తిగా ఆపమనండి. ఆయన ప్రేమతోనే చెప్తున్నారు, కానీ మార్కుల మీద దిగులున్న మనిషి నిమిషం ఆగలేడు. మీరు మాత్రం "నాకూ లెక్కలు రావు, నీకు నా పోలికే" అని ఎప్పుడైనా అని ఉంటే ఇక అనకండి. ఎరిన్ మాలనీ బృందం 2015లో ఒకటి, రెండు తరగతుల పిల్లల మీద చేసిన అధ్యయనంలో, లెక్కలంటే భయమున్న తల్లిదండ్రులు తరచుగా హోంవర్క్‌లో సాయం చేసిన పిల్లలు ఆ ఏడాది లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, భయం కూడా పెరిగింది. సాయం తక్కువ చేసిన ఇళ్ళలో తల్లిదండ్రుల భయం పిల్లలకి అలా అంటలేదు. మీరు అపరాధభావం పెట్టుకోవాల్సిన సంగతి కాదిది. మీకు రాకపోవడాన్నే వాడుకోండి. వారానికోసారి "నాకు తెలీదు, ఇదెలా చేశావో నాకు చెప్పవా" అని పక్కన కూర్చోండి. నిజంగానే తెలీదు కాబట్టి మీరు అడిగే ప్రశ్నలు నిజమైన ప్రశ్నలవుతాయి. మీకు చెప్పడం కోసం తను మాటలు వెతుక్కుంటుంది, ఆ వెతుక్కోవడంలోనే లెక్క గట్టిపడుతుంది.

మొదటి రెండు నెలలూ మార్కులు కదలకపోవచ్చు, కొంచెం తగ్గినా కంగారుపడకండి. పాత గోడకి పగుళ్ళు పూడుస్తున్నప్పుడు కొత్త అంతస్తు లేవదు. మీరు చూడాల్సినవి వేరే ఉన్నాయి. రాని లెక్కకి కూడా మొదటి లైను రాసి ఆగిందా? "నాకు రాదు" పోయి "ఈ లైను దగ్గర రావడం లేదు" అంటోందా? తను రాసింది తనే కొట్టేసి మళ్ళీ రాసిందా? ఈ మూడింట్లో ఒకటి కనబడితే 31 దానంతటదే కదులుతుంది, తొందరపెట్టకండి.

నెల తిరిగాక ఒకరోజు తనని అడిగే ఆ లెక్కల నోట్‌బుక్ తెరవండి. ఎన్ని లెక్కలు రైటయ్యాయో లెక్కపెట్టొద్దు. చేతిరాతలు చూడండి. కొట్టివేతలతో, వంకరగీతలతో పేజీలన్నీ మీ అమ్మాయి రాతే ఉంటే ట్యూటర్‌కి ఒక మంచి మాట చెప్పండి. ట్యూటర్ చేతిరాతే ఎక్కువగా ఉంటే మర్యాదగా కూర్చోబెట్టి, పెన్సిల్ మీ అమ్మాయికి ఇవ్వమని అడగండి. రెండో నెల కూడా నోట్‌బుక్ అలాగే ఉంటే వేరే మనిషిని వెతకండి, నాకు మళ్ళీ రాయండి.